‘ఎవరికీ చెప్పనని బైబిల్ మీద ఒట్టేసిన’

దేవరకొండ వైపు ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రూళ్ల నోటుబుక్కులోంచి చింపిన తొమ్మిది కాగితాలు. ఆరో కాగితం సగంలో నీలం ఇంకు అయిపోయినట్టుంది, అక్కడి నుంచి ఎర్ర పెన్నుతో రాసింది. పేరూ ఊరూ రాయొద్దని కోరింది కాబట్టి అవి వదిలేసి మిగతాది కుదించి చెబుతాను.

రాసిన అమ్మాయికి 25 ఏళ్లు. లెక్కల్లో బీఈడీ చేసింది. మండల కేంద్రంలో ఒక ప్రైవేటు బడిలో నెలకు తొమ్మిది వేలకు పని చేస్తూ టెట్‌కూ డీఎస్సీకీ చదువుకుంటోంది. ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు పాస్టరమ్మకు తోడుగా సండే స్కూల్ పిల్లలకు యాక్షన్ సాంగ్స్ నేర్పడానికి వెళ్లింది. పాస్టరమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక క్లాసు మొత్తం ఈమె మీద పడింది. ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు హాజరు పట్టీలో 41 పేర్లు. నాలుగేళ్ల పిల్లల దగ్గర్నుంచి పదో తరగతి దాకా అందరూ ఒకే రేకుల షెడ్డు కింద, మూడు చాపల మీద. పత్తి ఏరే రోజుల్లో సగం మంది రారు. క్రిస్మస్ నాటిక అనగానే పట్టీలో లేనివాళ్లు కూడా వస్తారు. మే నెలలో పది రోజుల వీబీఎస్, అంటే వేసవి సెలవుల బైబిల్ బడి, అదనం. రంగులు, చార్టులు, బిస్కెట్లు చాలావరకు తన జీతంలోంచే.

రెండేళ్ల కింద బయటి నుంచి కొందరు వచ్చి రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారట. ఒక్కో టీచరుకు ఆరుగురు పెద్దపిల్లల్ని అప్పగించి ‘మీరు వీళ్లకు మెంటర్లు’ అన్నారు. వారానికోసారి వాళ్లతో విడిగా కూర్చోవాలి, చదువు సంగతి అడగాలి, ప్రార్థన చేయాలి. ట్రైనింగ్ ఇచ్చినవాళ్లు మళ్లీ రాలేదు. ఆరుగురు ఆడపిల్లలు మాత్రం ఈమెకు మిగిలారు.

వాళ్లలో ఒక పిల్ల పదో తరగతి. తల్లిదండ్రులు హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా ఉంటారు. పిల్ల ఊళ్లో అమ్మమ్మ దగ్గర. డిసెంబరులో ఒక శనివారం నాటిక ప్రాక్టీసు అయ్యాక అందరూ వెళ్లిపోయినా ఈ పిల్ల ఆగింది. అక్క చేతిలో బైబిల్ పెట్టింది. “ఎవ్వరికీ చెప్పనని ఒట్టెయ్యి అక్కా, అప్పుడే చెప్త” అంది. ఈమె వేసింది. అప్పుడు చెప్పింది: పది పరీక్షలు కాంగనే చిన్న మేనమామతో తన పెళ్లి. అమ్మమ్మ ఖాయం చేసింది. అమ్మనడిగితే ‘మీ అమ్మమ్మ ఇష్టం’ అన్నది. మేనమామకు 28 ఏళ్లు, ట్రాలీ ఆటో నడుపుతాడు, ఆదివారం మందిరంలో కీబోర్డు వాయిస్తాడు. అతను ఉండేదీ ఆ ఇంట్లోనే. “నాకు ఇంటర్ సదవాలనున్నది అక్కా” అని ఏడ్చిందట.

ఆ రోజు నుంచి ఈమెకు నిద్ర లేదు. రాత్రి పదకొండింటికి అమ్మమ్మ ఫోన్‌లోంచి ఆ పిల్ల వాయిస్ మెసేజులు పెడుతుంది. ఇంట్లో నాన్న సండే స్కూల్‌ను ‘జీతం లేని కొలువు’ అంటాడు. సంబంధాలు చూస్తున్నారు. ఈస్టర్ తర్వాత మానేస్తానని ఒక సంఘ పెద్దతో అంటే ఆయన “నాగటి మీద చెయ్యేసి ఎనకకు సూసేటోడు దేవుని రాజ్యానికి పనికిరాడు, సూస్కో బిడ్డా” అన్నాడట. చివరి కాగితంలో మూడు ప్రశ్నలు: “ఒట్టు తప్పితే నాకు పాపం తగులుతదా? ఆ పిల్లను ఇట్ల ఇడిసిపెట్టి సండే స్కూల్ మానుడు తప్పు కాదా? చెప్పినంక ఆ పిల్ల మళ్ల నా మొఖం జూస్తదా?”

బిడ్డా,

నీ ఉత్తరంలో రెండు ముళ్లున్నాయి. రెంటినీ ఒకే ముడి అనుకుని లాగుతున్నావు, అందుకే ఏదీ ఊడడం లేదు. సండే స్కూల్‌లో ఉండాలా మానాలా అన్నది ఒకటి. ఆ పిల్ల పెళ్లి రెండోది. మొదటిది ఈస్టర్ దాకా ఆగుతుంది. రెండోది ఆగదు. పదో తరగతి పరీక్షలు మార్చిలో. నీ ఉత్తరం మీద తేదీ జనవరి రెండో వారం. లెక్కల టీచరువి, ఇంకెన్ని వారాలున్నాయో నేను చెప్పక్కర్లేదు.

ముందు ఒట్టు సంగతి. చిన్నప్పుడు నేనూ చాప మీద కూర్చుని కంఠత వాక్యం ఒప్పజెప్పినదాన్నే, కాబట్టి నీకు తెలిసిన కథలతోనే మాట్లాడతాను. కొండ మీది ప్రసంగంలో యేసు అసలు ఒట్టే పెట్టుకోవద్దన్నాడు, అవునంటే అవును కాదంటే కాదు అంతే అన్నాడు. ఇది నువ్వు పిల్లలకు ఎన్నిసార్లో చెప్పి ఉంటావు. హేరోదు రాజు కథ కూడా. పుట్టినరోజు విందులో నాట్యమాడిన పిల్లకు ఏదడిగినా ఇస్తానని ఒట్టేశాడు, ఆ ఒట్టు నిలబెట్టుకోవడానికి యోహాను తల తీయించాడు. ఇక న్యాయాధిపతుల గ్రంథంలో యెఫ్తా. యుద్ధం గెలిస్తే ఇంటి నుంచి ఎదురొచ్చే మొదటిదాన్ని బలి ఇస్తానని మొక్కుకున్నాడు. తంబురతో ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు. ఆ కథ సండే స్కూల్‌లో ఎవరూ చెప్పరు, నేనూ పెద్దయ్యాకే చదివాను. ఈ రెండు చోట్లా మాట నిలబడింది, మనిషి పోయింది. నీ ఒట్టూ ఆ జాతిదే. దాన్ని నిలబెట్టుకుంటే నష్టపోయేది నువ్వు కాదు, పదిహేనేళ్ల పిల్ల.

అలాగని ఆమెకు తెలియకుండా నలుగురికి చెప్పమని కాదు. ఒట్టు వేసింది ఆమె చేతిలో, విప్పాల్సింది కూడా ఆమె ముందే. ఎవరి దగ్గరికి వెళ్లేదీ తర్వాత చూద్దాం, మొదట ఆ పిల్ల దగ్గరికి వెళ్లు. “ఆ రోజు నేను ఒట్టు వేయకుండా ఉండాల్సింది. అది నా తప్పు. నువ్వు చెప్పింది నేనొక్కదాన్ని మోసేది కాదు, నువ్వొక్కదానివి మోసేదీ కాదు. ఇంకెవరికైనా చెప్పాలి. ఎవరికి చెబితే నీకు భయం తక్కువో నువ్వే చెప్పు” అను. చెప్పాలా వద్దా అని అడగకు, ఆ భారం పిల్ల మీద పెట్టకూడదు. ఎవరికి, ఎప్పుడు, ఎలా అన్న దాంట్లో ఆమె మాట ఉండాలి.

ఇకమీదట మిగతా ఐదుగురితో కూడా మొదటే చెప్పుకో: మీ ముచ్చట్లు నేను ఎవరికీ చెప్పను, కానీ మీకు దెబ్బ తగిలే విషయమైతే పెద్దవాళ్లకు చెప్తాను. ఆ రెండు రోజుల ట్రైనింగ్‌లో అన్నిటికంటే ముందు నేర్పాల్సింది ఇదే. నేర్పలేదంటే వాళ్లకు మీ ఊళ్లు తెలియవన్నమాట.

నీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగాను. ‘అతను ఉండేదీ ఆ ఇంట్లోనే.’ నువ్వు దాన్ని మామూలు సంగతిలా రాసి ముందుకెళ్లావు. పెళ్లి ఖాయమని ఇల్లంతా అనుకుంటున్నప్పుడు, తల్లి దగ్గర లేనప్పుడు, ఒకే కప్పు కింద ఉండే 28 ఏళ్ల మనిషి. అతను మంచివాడే అయి ఉండొచ్చు, నేను అతన్ని ఏమీ అనడం లేదు. కానీ ఆ పిల్లను ఒక ప్రశ్న అడగాలి, నువ్వే అడగాలి: “ఇంట్లో నీకు భయమేసేలా ఎవరైనా దగ్గరికొస్తున్నరా, ముట్టుకుంటున్నరా?” ఒక్కసారి అడిగి ఊరుకో, గుచ్చి గుచ్చి అడగకు. అవునంటే ఇక నేను కింద రాసిన దారులేవీ నీకు అక్కర్లేదు. 18 నిండని పిల్ల విషయంలో అది పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం కిందికి వస్తుంది. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని ఆ చట్టంలోనే ఉంది, తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు శిక్ష పడొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్లకు రక్షణ కూడా అదే చట్టం ఇస్తుంది. ఆ రోజే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. పాస్టర్ గారిని అడిగి చేద్దాం, ఉపవాస ప్రార్థన అయ్యాక చేద్దాం అనుకోవద్దు.

కాదు, అలాంటిదేమీ లేదు అంటే నీ ముందు కొన్ని దారులున్నాయి. వేటి వెనక ఏముందో చెబుతాను, ఎంచుకునేది నువ్వు.

ఊరుకోవడం కూడా ఒక దారే, ఇప్పుడు నువ్వు నడుస్తున్నది దాని మీదే. నా సర్వీసులో ఒకసారి నేనూ ఆ దారినే పోయాను. 1990ల చివర్లో, తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి తెలుగు నోట్సులో ఒక చీటీ పెట్టి ఇచ్చింది. ‘టీచర్, మా ఇంట్లో పెండ్లి మాట్లాడుతుండ్రు’ అని ఒక్క ముక్క. దసరా సెలవులయ్యాక పిలిచి అడుగుదామనుకున్నాను. సెలవులయ్యాయి. బెంచీ మీద ఆ చోటు ఖాళీగా ఉంది. ఇక దాని గురించి ఎక్కువ రాయను.

తల్లితో మాట్లాడటం ఇంకో దారి. నాకు ఎక్కువ ఆశ ఉన్నది ఇక్కడే. ‘మీ అమ్మమ్మ ఇష్టం’ అన్న తల్లి ఒప్పుకున్నట్టు కాదు. అన్నం పెట్టి బిడ్డను సాకుతున్న తన తల్లికి ఎదురు చెప్పే ధైర్యం లేనట్టు. ఫోన్‌లో మాట్లాడకు. ఫోన్ పెట్టేయగానే ఆమె అమ్మమ్మకు ఫోన్ చేస్తుంది, సాయంత్రానికి పిల్ల వీపు మీద తెలుస్తుంది. సంక్రాంతికి వచ్చి వెళ్లిపోయి ఉంటారు కాబట్టి నువ్వే ఒకరోజు హైదరాబాద్ బస్సెక్కు. ఒక్కదానివే వెళ్లకు, పాస్టరమ్మనో మీ అమ్మనో తీసుకెళ్లు. పెళ్లి కాని పిల్లవు, ‘నీకేం తెలుసు సంసారం సంగతి’ అనే మాట నీ ఒక్కదానికైతే తప్పకుండా వస్తుంది. ఇందులో ప్రమాదం లేకపోలేదు. తల్లి ఎదురు తిరిగి ‘మా ఇంటి విషయం’ అంటే, పిల్లను మందిరానికి పంపడం మానేయొచ్చు. అందుకే బస్సెక్కే ముందే బడిలో ఎవరో ఒకరికి విషయం తెలిసి ఉండాలి. మందిరం మానిపించినా బడి ఉంటుంది.

బడి దారిని చాలామంది మరచిపోతారు. పదో తరగతి పిల్ల కాబట్టి హెడ్మాస్టర్‌కు ఆ పిల్ల మీద పట్టింపు ఎక్కువ. అడ్మిషన్ రిజిస్టర్‌లో పుట్టిన తేదీ వాళ్ల దగ్గరే ఉంటుంది, రేపు ఎవరైనా ‘పిల్లకు 18 నిండినయ్’ అని బుకాయిస్తే నిలబడే కాగితం అదే. బాల్య వివాహాల నిషేధ చట్టం 2006 కింద మండలంలో తహసీల్దారు, అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ అధికారి సీడీపీవో లాంటి వాళ్లకు ఆపే అధికారం ఉంది. బడి నుంచి మాట వెళితే వాళ్లు తొందరగా కదులుతారు. నువ్వు కూడా టీచరువే, క్లాస్ టీచరమ్మతో ఒక టీచరుగా మాట్లాడగలవు. బడి వాళ్లు కదిలారంటే మాత్రం విషయం సర్కారు కాగితం మీదికి వెళుతుంది. తర్వాత నువ్వు ఆగమన్నా ఆగదు.

చివరిది 1098. పైసా ఖర్చు లేదు, ఏ వేళకైనా ఎత్తుతారు, నీ పేరు బయట పెట్టొద్దని చెప్పొచ్చు. కానీ పల్లెటూరు బిడ్డా, ఎవరు చెప్పిండ్రో ఊరు రెండు రోజుల్లో పట్టేస్తుంది. అధికారులు వస్తారు, అమ్మమ్మను కూర్చోబెట్టి మాట్లాడతారు, 18 నిండేదాకా పెళ్లి చేయబోమని రాయించుకుంటారు. అవసరమైతే పిల్లను బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళతారు, కొన్నాళ్లు హోంలో ఉంచాల్సి రావొచ్చు. పరీక్షల ముందు అది ఆ పిల్లకు కష్టమే. అందుకే ఇంట్లో ప్రమాదం లేనప్పుడు దీన్ని మొదటి మెట్టుగా చెప్పడం లేదు. పెళ్లి తేదీ పెట్టారని తెలిసినా, పిల్లను ఉన్నట్టుండి ఇంకో ఊరికి పంపుతున్నారని తెలిసినా ఇక మెట్లు లెక్కపెట్టకుండా ఆ నంబరు నొక్కు.

అమ్మమ్మ గురించి నీ ఉత్తరంలో కోపం ఉంది. నాకంత లేదు. ఆమె వయసెంతో నువ్వు రాయలేదు, అరవై దాటి ఉంటుంది. తల్లిదండ్రులు పట్నంలో, ఎదిగిన పిల్ల తన చేతిలో. ‘ఏమన్న అయితే మీదేసుకునేది నేనే గదా’ అన్న భయం ఆమెది. మేనరికమైతే కట్నం లేదు, పిల్ల కళ్ల ముందే ఉంటుంది, కొడుకుకూ ఇల్లు నిలబడుతుంది. ఆమె లెక్కలో అన్నీ కుదిరాయి, పిల్ల తప్ప. నువ్వు ఆమె ముందు చట్టం చదివితే చెవిన పెట్టదు. ఆమె భయానికి జవాబు చూపించు. ఇంటర్‌కు హాస్టల్ ఉన్న సర్కారు కాలేజీలో చేరితే పిల్ల బాధ్యత రెండేళ్లు సర్కారు తీసుకుంటుంది. చాలా కస్తూర్బా పాఠశాలల్లో ఇప్పుడు ఇంటర్ కూడా ఉంది, ఆడపిల్లలకే. గురుకుల కాలేజీలున్నాయి. ఆ దరఖాస్తులు ఎప్పుడు, ఏ కాగితాలు కావాలి అన్నది ముందే కనుక్కుని చేతిలో పెట్టుకుని మాట్లాడు. ఇంకో మాట కూడా ఆమెకు అర్థమవుతుంది: ఆడపిల్ల పెళ్లికి సర్కారు కల్యాణలక్ష్మి కింద ఇచ్చే 1,00,116 రూపాయలు పిల్లకు 18 నిండకపోతే రావు. ఇది నాకు పెద్ద నచ్చే వాదన కాదు. కానీ అమ్మమ్మలతో మాట్లాడేటప్పుడు నచ్చే వాదన కంటే పనిచేసే వాదన మేలు.

ఇప్పుడు పాస్టర్ గారి విషయం. ఆయనకు చెప్పాలంటే నీకు భయమని రాశావు, ఎందుకో రాయలేదు. నేనే ఊహిస్తాను, తప్పైతే దిద్దు. కీబోర్డు వాయించేవాడు అతనొక్కడే. పైగా చాలా ఊళ్లలో ఇప్పుడు రెండు మందిరాలు. ఈ కుటుంబానికి కోపమొస్తే అవతలి మందిరానికి పోతుంది, వెంట ఇంకో నాలుగు ఇళ్లు పోతాయి. పాస్టర్ గారు ఇదంతా లెక్క వేసుకుని ‘ప్రార్థన చేద్దాం తల్లీ’ అంటారేమోనని నీ భయం. అలా అన్నా ఆశ్చర్యం లేదు. అప్పుడు మర్యాదగానే ఒక విషయం చెప్పు: బాల్య వివాహం జరిపించినవాళ్లకు కూడా రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. అందులో పెళ్లి చేసిన పాస్టర్ గారూ వస్తారు, పంతులు గారూ వస్తారు. బెదిరింపులా కాదు, ఆయన బాగు కోరినట్టే చెప్పు. నిజానికి అది ఆయన బాగే. పాస్టరమ్మ ముందుంటే ఇంకా మంచిది. నిన్ను ఈ పనిలోకి తెచ్చింది ఆమె, మోకాళ్లు నొప్పి పెడుతున్నాయి గానీ నోరు బాగానే ఉంటుంది.

ఒక్క దారి మాత్రం వద్దు. దయచేసి దీన్ని ‘ప్రార్థన అంశం’ చేయకు. స్త్రీల కూడికలో ‘ఒక బిడ్డ ఉంది, పేరు చెప్పను, పదో తరగతి, పెళ్లి గండం, ప్రార్థించండి’ అన్నావంటే ఊళ్లో పదో తరగతి చదివే సండే స్కూల్ పిల్లలెందరు? వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వచ్చేలోపు ఆ ఇంటికి కబురు చేరుతుంది. మన సంఘాల్లో చాలా రహస్యాలు మోకాళ్ల మీద ఉండగానే బయటపడ్డాయి.

‘సండే స్కూల్ అంటే వాక్యం నేర్పుడు, ఇండ్లల్ల విషయాలు మనకెందుకు’ అని ఎవరో ఒకరు అంటారు. వాళ్లకు ఒక పాత సంగతి చెప్పు. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రేక్స్ అనే పత్రికాయన ఆదివారం బడి పెట్టింది వారమంతా పనికి పోయే పేద పిల్లల కోసం. వాళ్లకు ఖాళీ ఉన్నది ఆ ఒక్క రోజే. అక్కడ మొదట నేర్పింది చదవడం. పత్తి చేను నుంచి గోళ్ల మధ్య గీతలతో నీ చాప మీదికి వచ్చే పిల్లలు ఆ పిల్లల వంశమే. వాళ్ల వారమంతా ఎలా గడుస్తుందన్నది సండే స్కూల్‌కు పుట్టినప్పటి నుంచీ సంబంధించిన విషయమే.

రెండో ముడికి వద్దాం. ఆ పెద్దమనిషి నాగటి వాక్యం చెప్పాడన్నావు. ఆయన రైతే అయి ఉంటాడు. పొద్దుగాల కట్టిన కాడి ఎండ నెత్తికొచ్చేసరికి విప్పకపోతే ఎడ్లు ఏమవుతాయో ఆయనకు నీకంటే బాగా తెలుసు. నువ్వు ఎనిమిదేళ్లుగా కాడి విప్పలేదు. నిర్గమకాండంలో మోషే మామ యిత్రో అల్లుణ్ని చూడడానికి వచ్చి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం అతని ఒక్కడి చుట్టూ నిలబడటం చూసి, నువ్వు చేస్తున్న పని బాగా లేదు, నువ్వూ నలిగిపోతావు ఈ జనమూ నలిగిపోతారు, పదిమందికొకరిని పెట్టు అంటాడు. దేవుని పని చేస్తున్న మనిషికి ‘ఒక్కడివే చేయకు’ అని చెప్పింది పిల్లనిచ్చిన మామ. ఆ పెద్దమనిషికి నువ్వు ఈ కథ వినిపించొచ్చు.

ఈస్టర్ తర్వాత ఒక్కసారిగా మానేస్తే నీకు ఊపిరి ఆడుతుంది, డీఎస్సీకి ఆదివారాలు మిగులుతాయి. మే నెల వీబీఎస్ మాత్రం జరగదు. 41 మందిలో చాలామంది నెల రోజుల్లో రావడం మానేస్తారు. ఆ ఆరుగురు ‘అక్క కూడా పోయింది’ అనుకుంటారు. ఆ ‘కూడా’ ఎందుకు రాశానో నీకు తెలుసు, వాళ్లలో ఎంతమంది తల్లిదండ్రులు పట్నంలో ఉన్నారో లెక్కపెట్టు. ఇప్పుడున్నట్టే కొనసాగితే ఏదో ఒక ఆదివారం చెప్పా పెట్టకుండా మానేస్తావు. పిల్లలకు అది ఇంకా చెడ్డది.

మధ్యలో ఒక దారి ఉంది. చిన్నపిల్లల చాపను వదిలేయి. ఇంటర్ చదివే పాత పిల్లలు ఇద్దరు ఉండే ఉంటారు, ఒకప్పుడు నీ దగ్గర యాక్షన్ సాంగ్స్ నేర్చుకున్నవాళ్లే. నువ్వు మొదలుపెట్టింది కూడా ఆ వయసులోనే. ఫిబ్రవరి నుంచి వాళ్లను పక్కన కూర్చోబెట్టుకో, ఏప్రిల్‌కు అప్పజెప్పు. పెద్దపిల్లల క్లాసు నెలకు రెండు ఆదివారాలు మాత్రం నీది. డీఎస్సీ అయ్యేదాకా ఇంతే అని మందిరంలో అందరి ముందు చెప్పించు. చాటుగా తగ్గించుకుంటే తప్పు చేసినట్టు ఉంటుంది, నలుగురిలో చెబితే ఏర్పాటు అవుతుంది. ఆరుగురి మెంటర్ పని నువ్వొక్కదానివి చేయొద్దు. ఇంకొక ఆడమనిషి, పెళ్లయి ఊళ్లోనే ఉండే ఆమె, నీతో కూర్చోవాలి. రేపు నీకు పెళ్లయి వెళ్లినా, ఉద్యోగమొచ్చి వెళ్లినా వాళ్లకు ఇంకో మనిషి తెలిసి ఉంటుంది. ఈ పదో తరగతి పిల్ల చేతిలో నీ నంబరు ఒక్కటే ఉండడం కూడా ఇందుకే నాకు నచ్చడం లేదు. క్లాస్ టీచరమ్మ నంబరు, 1098 రెండూ ఆమెకు నోటికి వచ్చి ఉండాలి. కంఠత వాక్యం నేర్పే చేయి నీది, ఇదీ నేర్పు.

రాత్రి మెసేజులకు ఒక గడువు పెట్టు. తొమ్మిదిన్నర దాటితే పొద్దున జవాబిస్తానను, ప్రాణం మీదికొస్తే మాత్రం ఎప్పుడైనా ఫోన్ చేయమను. అది అమ్మమ్మ ఫోన్ అని మరవకు, ఆ వాయిస్ మెసేజులు ఇంకెవరైనా వినొచ్చు.

డబ్బు గురించి రెండు ముక్కలు. పిల్లలు ప్రతి ఆదివారం రూపాయో రెండో కానుక వేస్తారు కదా, అది ఎటు పోతోంది? అడగడానికి మొహమాటపడకు. ఆ పెట్టె సండే స్కూల్ రంగులకే అని ఒక తీర్మానం చేయిస్తే చాలు. తొమ్మిది వేల జీతంలోంచి బిస్కెట్లు కొనడం ఇక ఆపు.

మీ నాన్న ‘జీతం లేని కొలువు’ అన్నది కోపంతో కాదనుకుంటాను. ఆయనకు నీ డీఎస్సీ మీద ఆశ ఉంది. నెలకు రెండు ఆదివారాలే అని ఆయనతోనూ చెప్పు. సంబంధాల సంగతి నువ్వు ఒక్క వాక్యంలోనే రాశావు కాబట్టి నేనూ అంతకంటే పొడిగించను: చూడడానికి వచ్చినవాళ్లకు ఆ రెండు ఆదివారాల మాట ముందే చెప్పు, అప్పుడు వాళ్ల ముఖాలు ఎలా ఉన్నాయో చూసుకో.

మూడో ప్రశ్న మిగిలింది. చెప్పాక ఆ పిల్ల నీ ముఖం చూస్తుందా? కొన్ని వారాలు చూడకపోవచ్చు. అమ్మమ్మ చేతిలో తిట్లు తిని వచ్చి ‘నీ వల్లనే’ అనొచ్చు. అప్పుడు సంజాయిషీ చెప్పుకోకు, క్లాసు మానకు. ఆమె కూర్చునే చోటు ఆమెకు ఉంచు. లెక్కల్లో సందేహాలుంటే చెప్పు, ఆమెకు ఇప్పుడు పదో తరగతి మార్కులే ఇంటి నుంచి హాస్టల్‌కు తీసుకెళ్లే బస్సు. కానీ ఒక సంగతి గమనించావా? ఎవరికీ చెప్పొద్దని అడిగినా, చెప్పడానికి ఆ పిల్ల ఎంచుకున్నది బడికి పోయే, ఉద్యోగానికి చదివే, పెళ్లి వాయిదా వేసుకున్న మనిషిని. ఏడ్చి ఊరుకోవాలనుకుంటే తోటి పిల్లలున్నారు కదా.

ఈ ఆదివారమే మొదలుపెట్టు. క్లాసయ్యాక చాపలు మడతపెట్టేటప్పుడు ఆమెను ఆగమను. తలుపు తెరిచే ఉంచు, పాస్టరమ్మ వరండాలో కనబడే చోట కూర్చోనీ. చాప ఒక కొస నువ్వు పట్టుకుని రెండో కొస ఆమెకివ్వు. ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చుంటే పిల్లలు నోరు విప్పరు, చేతిలో పని ఉంటే విప్పుతారు. ఈసారి బైబిల్ ఆమె చేతిలోనే ఉండనీ.